ఎంటరు మీట పెత్తనం

పేరాకూ పేరాకూ మధ్య ఎంత జాగా వదలాలో ఎవరు నిర్ణయించాలి? ఉత్తరం రాసే మనిషా, రాసిపెట్టే యంత్రమా? ఇదీ ఒక ప్రశ్నేనా అని నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వడం అయ్యాక మాత్రం ఈ నాలుగు ముక్కలూ చదవండి.

ఈమెయిల్లో ఒక వాక్యం రాసి ఎంటరు మీట నొక్కుతాం. మనం అనుకునేదేమిటి? కింది వరుసలోకి వెళ్తామని. జరిగేదేమిటి? కొన్ని చోట్ల వరుస మారి ఊరుకుంటుంది. కొన్ని చోట్ల మనం అడక్కుండానే మధ్యలో ఎడ్లబండి పట్టేంత ఖాళీ వచ్చి కూర్చుంటుంది. ఇంకొన్ని చోట్ల, ముఖ్యంగా కబుర్లు చెప్పుకునే పెట్టెల్లో, రాసింది రాసినట్టు అవతలివాళ్ళకి వెళ్ళిపోతుంది! ఒకటే మీట, మూడు బుద్ధులు. ఒకే తలుపు ఒకరోజు వంటింట్లోకీ, ఒకరోజు పెరట్లోకీ, ఒకరోజు నడివీధిలోకీ తెరుచుకుంటే ఆ ఇంట్లో కాపురం చెయ్యగలరా, మీరే చెప్పండి?

మేం బి.ఏ. చదివే రోజుల్లో హనుమకొండలో సెలవులొస్తే ఆడపిల్లల్ని టైపు ఇన్‌స్టిట్యూటులో చేర్పించడం ఆనవాయితీ. ఆ మిషనుకి ఎడమ పక్కన ఒక లీవరు. అది నెడితే బండి మొదటికి వచ్చేది, కాగితం ఒక వరుస పైకి జరిగేది. వరుసల మధ్య ఎంత ఎడం కావాలో, ఒకటా, ఒకటిన్నరా, రెండా, చిన్న పుల్లను జరిపి మనమే పెట్టుకునేవాళ్ళం. యంత్రం మొరటుదే గాని పెత్తనం మనది.

తమాషా ఏమిటంటే, ఆ మిషను పోయినా దాని దెయ్యం పోలేదు. బండిని మొదటికి తేవడం ఒక పని, కాగితాన్ని జరపడం ఇంకో పని. టెలిప్రింటర్లలో వాటికి రెండు వేరు వేరు సంకేతాలుండేవి. కంప్యూటరు లెక్కల్లో వాటి నంబర్లు 13, 10. రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి ఉత్తరం పంపించింది 1971లో. ఈమెయిలుకి 1982లో రాసుకున్న నిబంధనల ప్రకారం ప్రతి వరుసా ఆ రెండు సంకేతాలతోనే ముగియాలి. ఇవాళ్టికీ అలాగే ముగుస్తోంది. అంటే ఈ మీటకి వంశపారంపర్యంగా వచ్చిన పని వరుస మార్చడం. ఖాళీ పెట్టడం కాదు, ఉత్తరం పంపడం అంతకన్నా కాదు. ఆ అధికారాలు తర్వాత నెత్తికెక్కినవి.

ఎలా ఎక్కాయంటారా? మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 2003 దాకా కొత్త పేజీ తెరిస్తే పేరా తర్వాత ఖాళీ సున్నా. 2007లో అది 10 పాయింట్లయింది, వరుసల ఎడం 1.15 అయింది. 2013లో అవే 8 పాయింట్లు, 1.08 అయ్యాయి. ఎవర్నడిగి మార్చారు? మిమ్మల్ని అడిగారేమో, నన్నయితే అడగలేదు.

తెరమీద చదివే కళ్ళకి పేరాల మధ్య గాలి ఆడాలి, నిజమే. కాగితం మీదలా పేరా మొదట్లో బొటనవేలంత జాగా వదిలితే ఈమెయిల్లో అది అవతలికి చేరేదాకా నిలుస్తుందన్న నమ్మకం లేదు. అక్కడ ఖాళీ వరుసే దిక్కు. ఒప్పుకున్నాను. అసలు ఖాళీయే వద్దని నేనెప్పుడన్నాను? ఎక్కడ, ఎంత అన్నది నా మాటగా సాగాలంటున్నాను, అంతే.

మన వేయిస్తంభాల గుడికి వెళ్ళి 1163 నాటి రుద్రదేవుడి శాసనం చూడండి. అందులో మన పేరాలు కనపడవు. అక్షరాలు బారులు తీరి ఉంటాయి. తాటాకు గ్రంథాలూ అంతే. అయినా పద్యం చదివేవాడికి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఛందస్సు చెప్పేది. వచనానికి ఆ సాయం లేదు. దానికి పేరాయే ఊపిరి. అందుకే రెండు మాటల మధ్య వదిలిన జాగా కూడా మాటే అంటాను. ఇప్పుడు మన పోతనగారి పద్యం ఒకటి ఈమెయిల్లో పెట్టి, పాదానికోసారి ఎంటరు కొట్టి చూడండి. యంత్రం బుద్ధి పెడదైతే నాలుగు పాదాలూ పంపకాలైన అన్నదమ్ముల్లా నాలుగు పేరాలై విడిపోతాయి!

దీనికి విరుగుడు లేకపోలేదు. షిఫ్టు మీట పట్టుకుని ఎంటరు నొక్కితే ఖాళీ రాకుండా వరుస మారుతుంది. బాగానే ఉంది. కానీ ఆ షిఫ్టు కిందనే కంట్రోలు మీట కాపురం. అది పట్టుకుని ఎంటరు నొక్కితే వర్డ్‌లో కొత్త పేజీ వస్తుంది. చాలా ఈమెయిలు పెట్టెల్లో ఉత్తరమే వెళ్ళిపోతుంది!

మా వీధిలో రిటైరైన తెలుగు పంతులమ్మగారొకరున్నారు. కూతురు అమెరికాలో. తండ్రి పోయినప్పుడు ఆ పిల్ల రాలేకపోయింది. చాలా రోజులు మాటల్లేవు. చివరికి ఈవిడే మెత్తబడి ఉత్తరం మొదలుపెట్టింది. “ఏడాదిపాటు నీమీద కోపంగానే ఉన్నాను” అని రాసింది. దాని కిందనే, మధ్యలో ఎడం లేకుండా, “ఇప్పుడు లేదు” అని రాయాలని ఆవిడ కోరిక. ఎవరో చెప్పిన కిటుకు గుర్తు తెచ్చుకుని రెండు మీటలూ కలిపి నొక్కింది. వేలు ఒక్క మెట్టు కిందికి జారింది. మొదటి వాక్యం ఒక్కటే సముద్రాలు దాటింది.

అర్ధరాత్రి ఫోను. అవతల ఏడుపు. రెండో ఉత్తరం వెంటనే వెళ్ళింది, తల్లీకూతుళ్ళు కలిశారు కూడా. కానీ పంతులమ్మగారు నాతో అన్న మాట మర్చిపోలేను. “రెండో ఉత్తరం మొదటిదానికి అతుకు పడలేదమ్మా” అంది.

“ఏందక్కా, గింత ముచ్చటకు గంత లొల్లా? సెట్టింగులల్లకు పోయి మార్చుకుంటే అయిపాయె గదా!” అంటాడు మా పక్కింటి కుర్రవాడు, సాఫ్ట్‌వేరు చదివినవాడు. నాకూ తెలుసు నాయనా. వర్డ్ మాదిరి పెట్టెల్లో పేరాగ్రాఫ్ అన్న చోటు తెరిస్తే బిఫోర్, ఆఫ్టర్ అని రెండు గళ్ళుంటాయి. రెండింట్లో సున్నా పెట్టి, కిందనున్న డిఫాల్ట్ మీట నొక్కితే అదే నిలుస్తుంది. తెలిసినవాడికి అది రాచబాట. తెలియనివాడికి పద్మవ్యూహం. పైగా మార్చుకునే వీలుండటం వేరు, మార్చుకోక తప్పకపోవడం వేరు.

అలాగని మనుషులంతా అమాయకులనీ అనను. వాక్యానికో పేరా చొప్పున రెండేసి ఎంటర్లు కొట్టి, మూడు మాటల ఉత్తరాన్ని మూరెడు చేసేవాళ్ళున్నారు. మొదట్నుంచీ చివరిదాకా ఒకే ముద్దగా రాసి, చదివేవాడి ఊపిరాడకుండా చేసేవాళ్ళూ ఉన్నారు. బళ్ళో కంప్యూటరు పాఠం చెప్పే అయ్యవార్లు మీట ఎక్కడుందో చూపిస్తే చాలదు, పేరా ఎందుకో కూడా చెప్పాలి.

యంత్రాలు చేసేవాళ్ళకి నా డిమాండ్లు రెండే. ఎంటరు ఎక్కడైనా వరుసే మార్చాలి. పంపడానికి “పంపు” అన్న మీట విడిగా ఉండనే ఉంది, ఆ పని దానికే వదలండి. పేరాల మధ్య ఖాళీ ఎంతో రాసే చోటే కళ్ళెదుట కనపడాలి, వేలితో మార్చుకునేలా ఉండాలి, ఆనాటి టైపు మిషను మీది చిన్న పుల్లలాగా.

ఉత్తరంలో మాట ఎంత మనదో, మాటకీ మాటకీ మధ్య వదిలే మౌనమూ అంతే మనది. మన మాటలు ఎవరైనా దిద్దితే ఊరుకోం. మరి మౌనాన్ని మాత్రం మీటకెందుకు అప్పజెప్పాలి?