పై కోర్టు చదివేది కాగితాన్నే

హత్య కేసులో నిందితుణ్ణి సెషన్స్ కోర్టు నిర్దోషిగా వదిలేసినంత మాత్రాన కేసు ముగిసినట్టు కాదు. ప్రభుత్వం హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు. 2009 చివరి నుంచి బాధిత కుటుంబానికీ ఆ హక్కు ఉంది. హైకోర్టు సాక్ష్యాలన్నీ మళ్లీ పరిశీలించి శిక్ష వేయవచ్చు. ఎప్పుడు వేయాలన్నదే ప్రశ్న.

కర్ణాటక నుంచి వెళ్లిన చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు 2007లో ఇందుకు సూత్రాలు చెప్పింది. నేరం రుజువయ్యేదాకా ఎవరైనా నిర్దోషే. విడుదల తీర్పుతో ఆ రక్షణ రెట్టింపవుతుంది. అవే సాక్ష్యాల నుంచి రెండు అభిప్రాయాలకు అవకాశం ఉంటే కింది కోర్టు తీర్పును కదిలించకూడదు.

అలాగని విడుదల తీర్పు శిలాశాసనం కాదు. 1999 నాటి జెస్సికా లాల్ హత్య కేసులో కీలక సాక్షులు ఎదురు తిరిగారు. 2006 ఫిబ్రవరిలో ట్రయల్ కోర్టు నిందితులందరినీ వదిలేసింది. నమ్మదగిన సాక్ష్యాన్ని కింది కోర్టు పట్టించుకోలేదంటూ ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో మను శర్మకు యావజ్జీవ శిక్ష విధించింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

చిక్కంతా గుర్తింపు దగ్గరే వస్తుంది. నిందితుడు సాక్షికి ముందే తెలిసినవాడైతే పేచీ తక్కువ. ముక్కూమొహం తెలియనివాణ్ణి చీకట్లో క్షణకాలం చూసి ఉంటే? అందుకే దర్యాప్తులో గుర్తింపు పరేడ్ జరుపుతారు. కోర్టులో గుర్తించడమే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి బలం. పరేడ్ లేకుండా ఏళ్ల తర్వాత బోనులో ఉన్న అపరిచితుణ్ణి చూపి ‘ఇతనే’ అంటే ఆ మాటకు బరువు తక్కువ. నిందితుడెవరో బోనే చెప్పేస్తుంది కదా!

ఆ మాట అంటున్నప్పుడు సాక్షి తడబాటును సెషన్స్ జడ్జి కళ్లారా చూస్తారు. హైకోర్టుకు చేరేది రాతలోకి ఎక్కిన వాంగ్మూలమే. విడుదల తీర్పును తిరగరాసే ముందు అంత జాగ్రత్త అవసరమయ్యేది ఇందుకే. తప్పు మనిషికి శిక్ష పడితే బాధిత కుటుంబానికీ న్యాయం జరగదు.

హోసూరులోనో బళ్లారిలోనో ఉన్న మనవాళ్లకు ఇందులో మరో మెలిక ఉంది. తెలుగులో చెప్పిన సాక్ష్యం తమిళంలోనో, కన్నడంలోనో, ఇంగ్లీషులోనో రికార్డు కావచ్చు. ‘అతనిలాగే ఉన్నాడు’ అన్నది ‘అతనే’ అయిపోతే ఒక ప్రాణం మీదికి వస్తుంది. వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలనీ, రాని భాషలో ఉంటే తెలిసిన భాషలో చెప్పాలనీ చట్టం అంటోంది. తప్పుంటే అక్కడే అభ్యంతరం చెప్పవచ్చు. సంతకం పెట్టే ముందు ఆ హక్కును అడిగి తీసుకోవాలి. రేపు పై కోర్టు ముందు మాట్లాడేది ఆ కాగితమే.