సంచుల దగ్గర ఎవరుంటారు?

శరత్కాలం రోడ్ ట్రిప్ అని వెతికితే రీల్స్‌లో ఎర్రబడ్డ ఆకులు, మంచు పట్టిన కారు అద్దాలు, పొగలు కక్కే కాఫీ కప్పులు వస్తాయి. మా చిలకలూరిపేట చుట్టుపక్కల ఈ నెలల్లో ఏ ఆకూ ఎర్రబడదు. పత్తి పగిలి చేలు తెల్లబడతాయి. కాలవ గట్ల మీద రెల్లు పూస్తుంది. సముద్రం మాకు 45 కిలోమీటర్లు, అటూ ఇటుగా. పర్చూరు, చీరాల దాటితే వాడరేవే. ఇంత దగ్గర్లో పుట్టి, ఇక్కడే మెట్టి, యాభై ఆరేళ్లు వచ్చిన మా అమ్మ మొన్నటిదాకా సముద్రంలో కాలు పెట్టలేదు.

చూడలేదనుకునేరు. మూడుసార్లు చూసింది.

మొదటిసారి పన్నెండేళ్లప్పుడు, కార్తీక పౌర్ణమికి, ట్రాక్టర్ ట్రక్కులో ఊరి జనంతో కలిసి. రెండోసారి పెళ్లైన కొత్తలో. మూడోసారి నేను ఆరో తరగతిలో ఉండగా సూర్యలంకకి. ఆ మూడో ట్రిప్ ఫొటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. నాన్న, తమ్ముడు, బాబాయి వాళ్ల పిల్లలు, నేను, అందరం నిలువునా తడిసి ఇకిలిస్తున్నాం. వెనకాల ఇసుకలో తువాళ్లు, చెప్పులు, టిఫిన్ క్యారేజీ, నాలుగు సంచులు. వాటి మధ్యలో అమ్మ. చీర పొడిగా ఉంది. ఆ ఫొటో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఆ పొడి చీర మాత్రం ఈమధ్యే కంటపడింది.

"ఈసారి నువ్వూ నేనే వెళ్దామే" అన్నాను దసరాకి ఇంటికి వచ్చినప్పుడు.

"పనేంటి?" అంది.

మీ ఇంట్లో కూడా అడిగి చూడండి. మా అమ్మ పేట దాటి వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒక పని ఉంది. పెళ్లి, చావు, ఆస్పత్రి, మొక్కు, విత్తనాలు, నా కాలేజీ ఫీజు. ఊరికే వెళ్లడం అనేది ఆమె లెక్కలో లేదు. రెండ్రోజులు ఆలోచించి తనే ఒక పని కనిపెట్టింది. కార్తీక స్నానం. ఎదురింటి పిన్నిగారు అడిగితే చెప్పడానికి బాగుంటుందంట. సరే అన్నాను. ఆదివారం, సోమవారం, పౌర్ణమి వదిలేసి జనం లేని బుధవారం పెట్టుకున్నాం.

అసలు అడ్డు పిన్నిగారు కాదు, నానమ్మ. నాలుగేళ్లుగా మంచంలో ఉంది. ఆ నాలుగేళ్లలో అమ్మ ఒక్క పూట కూడా ఇల్లు వదల్లేదు. నర్సరావుపేట నుంచి మేనత్తని పిలిపించాం. ఏ మాత్ర ఎప్పుడు వెయ్యాలో, గంజి ఎంత పల్చగా ఉండాలో, పక్క ఎన్ని గంటలకోసారి మార్చాలో అమ్మ ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ఇరవై రెండు లైన్లు వచ్చింది. నాన్న దాన్ని చదివి, ఇన్ని పనులుంటాయా అన్నట్టు అమ్మ వైపు చూశాడు. అమ్మ పులిహోర డబ్బా సర్దుకుంటూ ఉంది, ఆయన్ని పట్టించుకోలేదు.

ఇక అబ్బాయిలకి తట్టని సంగతి ఒకటి. ప్రయాణం అంటే అమ్మ ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. ఎందుకో ఏ అమ్మాయిని అడిగినా చెబుతుంది. పెట్రోలు బంకుల్లో టాయిలెట్, మంచినీళ్లు, టైర్లకి గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. పెట్రోలు పోయించుకోకపోయినా అడగొచ్చు. మేం ఆగిన బంకులో తలుపుకి తాళం వేసుంది. తాళంచెవి అడిగితే కుర్రాడు కాస్త గొణిగి తెచ్చిచ్చాడు. సిగ్గుపడాల్సింది తాళం వేసినవాళ్లు, అడిగినవాళ్లు కాదు. ఆ తర్వాతే అమ్మ సీసా మూత తీసి గడగడా తాగింది.

మేం వెళ్లింది పిడుగురాళ్ల నుంచి నర్సరావుపేట, మా పేట మీదుగా వాడరేవు చేరే 167ఏ జాతీయ రహదారి మీద. కారు నేనే నడిపాను. పర్చూరు దాకా అంతా నల్లరేగడి. అమ్మకి ఇది సీనరీ కాదు, వార్తలు చదవడం లాంటిది. "వీళ్లు మొదటి తీత తీసేశారు", "ఇక్కడ కూలీలు దొరికినట్టు లేదు, పత్తి వేలాడుతోంది", "ఈ మిరపకి ముడత వచ్చిందే పాపం" అంటూనే ఉంది. పగిలిన కాయ మీద వాన పడితే పత్తి రంగు తిరిగి ధర పోతుంది. తీరానికి ఈ కాలం అందంగా ఉండేదీ నిజమే, తుఫాన్లు వచ్చేదీ ఇప్పుడే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకే మీరు బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకోండి.

చీరాల దగ్గరికి వచ్చేసరికి నల్లమట్టి పోయి ఇసుక నేల వస్తుంది. తాళ్లు, సరుగుడు తోటలు, గాలిలో ఉప్పు. అమ్మ కిటికీ అద్దం దించేసింది.

వాడరేవులో పడవలు ఒడ్డుకి లాగి ఉన్నాయి. చేపల బేరాలు జోరుగా సాగుతున్నాయి. అమ్మ కార్తీకంలో నీచు ముట్టదు. అయినా ప్రతి గంప దగ్గరా ఆగి ధర అడిగింది. పక్కకి వచ్చి, పేటలో మనకి ఎంత మిగుల్చుకుని అమ్ముతున్నారో లెక్క కట్టి చెప్పింది.

తర్వాత ఇసుకలోకి నడిచాం. నీళ్లకి పది అడుగుల దూరంలో అమ్మ ఆగిపోయింది. చంకలో హ్యాండ్‌బ్యాగు, చేతిలో తువాలు సంచి. చుట్టూ చూసింది.

"నువ్వు దిగు. నేను ఇవి పట్టుకుంటాను."

నేను రెండూ తీసుకెళ్లి కారులో పడేసి తాళం వేసి వచ్చాను. వట్టి చేతులతో నిలబడ్డ అమ్మని చూస్తే వింతగా అనిపించింది. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు కొంగు నడుముకి దోపింది, మళ్లీ తీసింది, మళ్లీ దోపింది. అప్పుడు నడిచింది. మొదటి అల పాదాల మీదుగా వచ్చి వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుకని లాక్కుపోయింది. "అమ్మో, నేల జారిపోతోందే!" అని నా జబ్బ పట్టుకుని అరిచింది. రెండో అలకి నవ్వింది. మోకాళ్ల లోతు దాటొద్దని ముందే అనుకున్నాం. ఈ తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి, బాగా ఈత వచ్చినవాళ్లవి కూడా. పోలీసులు వద్దన్న రోజు వద్దంతే.

నలభై నిమిషాలు అలాగే ఉంది. నడుము దాకా చీర తడిసిపోయింది.

"అప్పుడు ఎందుకు దిగలేదే?" అని అడిగాను. నాన్ననో, అమ్మమ్మనో అంటుందని అనుకున్నాను.

"ఎవరూ వద్దనలేదు. ట్రక్కు దిగగానే సంచుల దగ్గర ఎవరుంటారు అన్నారు. నేనుంటా అన్నాను. బుద్ధిమంతురాలు అన్నారు. అప్పట్నుంచి ఎవరూ అడక్కముందే నేనే ఉంటున్నా."

ఇంకేమీ అనలేదు. నాకూ ఏం అనాలో తెలియలేదు. కారు దగ్గరికి వచ్చాక చూస్తే నాన్న నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. నానమ్మకేమైందో అని కంగారుగా చేస్తే, గంజిలో ఉప్పు వెయ్యాలా వద్దా అని. "కాగితంలో పదకొండో లైను చూసుకో" అని పెట్టేసింది.

బట్టలు మార్చుకుని, కారులోనే పులిహోర తిని, వేటపాలెం మీదుగా మోటుపల్లి వెళ్లాం. వేటపాలెంలో జీడిపప్పు కొన్నాం. అక్కడ 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, టైం చేసుకుని చూడండి. మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరు. 13వ శతాబ్దంలో మాత్రం కాకతీయుల పెద్ద రేవు. ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో దీన్నే ముత్ఫిలి అని రాసి, ఈ రాజ్యాన్ని ఒక స్త్రీ ఏలుతోందని చెప్పాడు. రుద్రమదేవి సంగతి అది. ఆమె తండ్రి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో ఇక్కడ వేయించిన శాసనం వీరభద్రస్వామి గుడి దగ్గరుంది. అభయ శాసనం అంటారు. అంతకుముందు రాజులు తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాగేసుకునేవాళ్లు. ప్రాణాలకి తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ల దగ్గర సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని గణపతిదేవుడు రాతి మీద మాటిచ్చాడు. సుంకం ముప్ఫైకి ఒకటి.

ఇదంతా గైడులా చెప్పుకుపోతుంటే అమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది.

"ముప్ఫైకి ఒకటంటే నూటికి మూడున్నర కూడా కాదు. మన మిరపకాయల కమీషన్ కంటే నయమే."

చరిత్ర పుస్తకాల్లో ఈ కోణం నాకెక్కడా దొరకలేదు.

కారు లేదే అంటారా? 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఆధార్ పట్టుకుని పేట బస్టాండులో చీరాల బస్సెక్కితే చాలు. టైం కాస్త ఎక్కువ పడుతుంది, కానీ కిటికీ సీటు ఇద్దరికీ దక్కుతుంది.

తిరిగొచ్చేటప్పుడు పర్చూరు దాటాక టీకి ఆగాం. నేను గ్లాసులిచ్చి వచ్చేసరికి అమ్మ డ్రైవర్ సీట్లో కూర్చుని ఉంది. తాళం నా జేబులోనే ఉంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, కాలితో దేన్నో వెతుక్కుంటోంది.

"బ్రేకు మధ్యలోది" అన్నాను.

"ఇది ఎన్నాళ్లకి వస్తుందే?"

"ముందు ఎల్ఎల్ఆర్ తీసుకోవాలి. ముప్ఫై రోజులయ్యాక టెస్టుకి వెళ్లొచ్చు."

"అంటే పత్తి రెండో తీత అయ్యేసరికి" అంది, సీటు ముందుకి జరుపుకుంటూ.