చవకైన డైపర్, చోటులేని చెత్త

వస్తు సేవల పన్ను మండలి 2025 సెప్టెంబరులో తీసుకున్న నిర్ణయాలలో కార్ల గురించి, టెలివిజన్ల గురించి, సిమెంటు గురించి పత్రికలు పుటలు నింపాయి. అదే జాబితాలో ఒక మూల ఒదిగి ఉన్న పసిపిల్లల డైపర్లను పట్టించుకున్నవారు తక్కువ. ఆ నెల 22వ తేదీ నుండి వాటిపై పన్ను 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. నూలు గుడ్డపై పన్ను అంతకు ముందు నుండే 5 శాతం. అంటే ఉతికి మళ్ళీ వాడుకునే పొత్తిగుడ్డ, ఒకసారి వాడి పారవేసే డైపర్ ఇప్పుడు ఖజానా దృష్టిలో ఒకే పంక్తిలో కూర్చున్నాయి.

తల్లిదండ్రులకు ఇది ఊరటే. అయితే ఆ ఊరట ఎంతటిది? వంద రూపాయల సరుకు పన్నుతో కలిపి నిన్న 112 రూపాయలైతే నేడు 105 అవుతుంది. పది రూపాయలకు అమ్మే డైపర్ మీద తగ్గవలసినది సుమారు అరవై పైసలు. షాంపూ పొట్లాల సరసన వేలాడే డైపర్లను ఒకటీ రెండుగా కొనుక్కునే పల్లె తల్లికి ఆ అరవై పైసలు చేరతాయా అన్నది వేరే ప్రశ్న. రోజుకు నాలుగు, ఒక్కొక్కటి పది రూపాయలు అనుకుంటే నెలకు 1,200 రూపాయలు. బిడ్డకు రెండేళ్ళు వచ్చేసరికి 29,000 దాటుతుంది. కూలి మీద బ్రతికే ఇంటికి ఇది పాడి ఆవు కొనే లెక్కలోకి వచ్చే సొమ్ము.

డబ్బు సంగతి ఇంటి యజమాని చూసుకుంటాడు. వాడిన తరువాత ఆ డైపర్ ఎక్కడికి పోతుందన్నది ఊరి సంగతి. దాని పైపొర పాలీప్రొపిలీన్, అడుగుపొర పాలిథీన్, రెండూ ప్లాస్టిక్కే. మధ్యలో కలప గుజ్జు, దానిలో కలిపిన సోడియం పాలీయాక్రిలేట్ అనే పొడి. తన బరువుకు ఎన్నో రెట్లు తడిని పీల్చుకొని జిగురుముద్దగా మారడమే ఆ పొడి పని. బిడ్డ పొడిగా నిద్రపోవడానికి కారణం అదే. పారవేసిన డైపర్ మట్టిలో కలవకపోవడానికి, ఎండకు త్వరగా ఎండకపోవడానికి, నిప్పు పెడితే సరిగా మండక పొగచూరడానికి కూడా కారణం అదే. పూర్వం పెంటదిబ్బ మీద వేసినది ఏదైనా ఏడాది తిరిగేసరికి ఎరువై పొలానికి పోయేది. ఇప్పుడు ఆ ఎరువును పొలంలో చల్లితే ప్లాస్టిక్ పేలికలు నాగటికి చుట్టుకుంటున్నాయి. కుక్కలు లాగి వీధిన పడవేసినవాటిని పశువులు నోట కరుస్తాయి.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియనిది కాదు. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన డైపర్లను ప్రత్యేకంగా పేర్కొన్నాయి. తయారీదారు ఇచ్చిన సంచిలోగాని, తగిన కాగితంలోగాని చుట్టి పొడిచెత్త బుట్టలో వేయవలెనని గృహస్థునికి చెప్పాయి. అటువంటి సంచిని ఇవ్వడమో, మళ్ళీ ఉపయోగపడే ముడిసరుకు వాడకాన్ని పరిశీలించడమో తయారీదారుల బాధ్యత అన్నాయి. కానీ ఆ నియమాలు ప్రధానంగా పట్టణాలను ఉద్దేశించినవి. 2026 జనవరిలో ప్రకటించి, ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించిన కొత్త నియమాలు మరొక అడుగు వేసి చెత్తను నాలుగు పాళ్ళుగా విడదీయమన్నాయి. తడిచెత్త, పొడిచెత్త, డైపర్ల వంటి పారిశుద్ధ్య వ్యర్థాలు, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. విడదీయడం వరకు గృహిణి చేయగలదు. విడదీసిన మూడవ పాలును తీసుకొని పోయేదెవరు, ఏ కొలిమిలో కాల్చేదెవరు అన్నచోటనే సరిహద్దు పల్లె నిలిచిపోతున్నది.

ఎందుకంటే సరిహద్దు గ్రామం ఏ రాష్ట్రానికైనా చివరి గ్రామమే. తాలూకా కేంద్రం నుండి బయలుదేరే ఏ సదుపాయమైనా అక్కడికి చేరేసరికి పలుచబడుతుంది. చెత్తకు సరిహద్దు లేదు గానీ చెత్తబండికి ఉన్నది. రెండు రాష్ట్రాల నడుమ పారే వంకలో ఈ ఒడ్డువారు పారవేసినది ఆ ఒడ్డువారి కుంటలో తేలుతుంది. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఇద్దరికీ తెలియదు. యానాం వంటి చోట చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరిది. గోదావరికి వరద వచ్చినప్పుడు నది ఈ హద్దులను ఎన్నడూ మన్నించలేదు. ఇక్కడ మరొక సంగతి గమనార్హం. తమిళనాడు సరిహద్దును ఆనుకొని ఉన్న శ్రీసిటీలో జపాను సంస్థ యూనిచార్మ్‌కు డైపర్ల కర్మాగారం ఉన్నది. వస్తువు తయారయ్యే ఏర్పాటు సరిహద్దుదాకా వచ్చింది. వాడిన వస్తువును వెనక్కు తీసుకునే ఏర్పాటు మాత్రం ఇంకా బయలుదేరలేదు. ఈ మాట ఏ ఒక్క సంస్థ గురించీ కాదు, పరిశ్రమ మొత్తం గురించి.

అయితే డైపరును తిట్టి పొత్తిగుడ్డను పొగిడి ఊరుకుంటే అది సగం మాటే అవుతుంది. తెలుగు ఇళ్ళలో పాత చీర, పాత పంచె చింపి మడతపెట్టిన గుడ్డలే బిడ్డకు తొలి వస్త్రాలు. ఎన్నో ఉతుకులకు మెత్తబడిన నూలు పసివాని చర్మానికి హాయి అని అమ్మమ్మలకు ఎవరూ నేర్పనక్కరలేదు. బిడ్డను కాళ్ళ మీద కూర్చోబెట్టుకొని ఉస్సుమంటూ వేళకు అలవాటు చేయడం చేత గుడ్డల ఖర్చూ తగ్గేది. ఇదంతా నిజమే. కానీ ఆ గుడ్డలు ఉతికినదెవరు? పురిటి బట్టలు ఊరి చాకలి స్త్రీ మోసుకుపోయి రేవులో ఉతికేది. దానికి దక్కినది కళ్ళంలో నాలుగు చేరల గింజలు, ఇంత అన్నం. మైల పేరిట ఒక కులపు ఆడవారి నెత్తిన పెట్టిన పని అది. ఆ ఏర్పాటు సడలడం మంచిదే. సడలిన తరువాత ఆ మూట బాలింత చేతికి, లేదా ఆమె తల్లి చేతికి వచ్చింది. మగవారి చేతికి మాత్రం రాలేదు. డైపర్ పల్లెలో అడుగుపెట్టినది సరిగ్గా ఈ ఖాళీలోనే. దానిని కొనే తల్లిని సోమరి అనడం అన్యాయం. రాత్రి నాలుగు గంటల నిద్ర, కూలికి పోయినప్పుడు ముసలమ్మకు కాస్త తెరిపి, బస్సు ప్రయాణంలో చీర తడవకుండా ఉండడం, ఆమె కొంటున్నవి ఇవి.

సరిహద్దు కుటుంబాలకు ప్రయాణం తప్పనిది కూడా. పుట్టిల్లు కుప్పం వైపు, కాపురం హోసూరు వైపు. పుట్టిల్లు ఇచ్ఛాపురం, అత్తిల్లు బరంపురం. తొలి కాన్పు పుట్టింట జరిగి, మూడవ నెలలోనో అయిదవ నెలలోనో బిడ్డ సరిహద్దు దాటి తండ్రి ఇంటికి చేరుతుంది. పుట్టింట అమ్మ ఉతికిన గుడ్డలు అత్తింట ఎవరు ఉతకాలన్న చిన్న ప్రశ్నకు సమాధానంగా డైపర్ పొట్లం వచ్చిన ఇళ్ళు కొన్ని కావు.

గుడ్డే మేలని శాస్త్రం చెప్పిందా అంటే, దాని సమాధానం కాస్త మెలికతో కూడినది. ఇంగ్లండులో పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం ఒక బిడ్డకు రెండున్నర ఏళ్ళపాటు వాడే డైపర్ల వల్ల వెలువడే కర్బన ఉద్గారాలు 550 కిలోలని, గుడ్డల వల్ల 570 కిలోలని లెక్కగట్టింది. డైపర్ కంపెనీలకు ఇది పండుగ వార్త అయింది. కానీ ఆ అధ్యయనమే మరొక మాట చెప్పింది: గుడ్డల విషయంలో భారమంతా ఉతకడంలోను, ఆరబెట్టడంలోను ఉన్నది. యంత్రం నిండుగా వేసి ఉతికి, దండెం మీద ఆరవేసి, అవే గుడ్డలు రెండవ బిడ్డకూ వాడితే ఉద్గారాలు సుమారు 40 శాతం తగ్గుతాయి. 2023లో బ్రిటిష్ ప్రభుత్వం వెలువరించిన కొత్త లెక్క ప్రకారం గుడ్డల భారం డైపర్ల కంటే 25 శాతం తక్కువ. విద్యుత్ యంత్రంలో ఆరబెట్టే దేశపు లెక్క ఇది. చేతితో ఉతికి, ఎండలో ఆరవేసి, అక్క బిడ్డ గుడ్డలు చెల్లెలి బిడ్డకు ఇచ్చే ఇంటికి గుడ్డ వైపు మొగ్గు ఇంకా ఎక్కువ అనడానికి మరొక అధ్యయనం అవసరం లేదు.

అక్కరకు వచ్చేది నీరు. దీనికి ఒకే సమాధానం అన్ని చోట్లా పొసగదు. మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఆవరించి ఉన్న కర్ణాటక తాలూకా పావగడను తీసుకోండి. తెలుగు మాట వినిపించని వీధి అక్కడ అరుదు. వానలు కురవని నేల కనుకనే 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం అక్కడ వెలసింది. గుడ్డ ఆరడానికి అంతటి ఎండ మరెక్కడ దొరుకుతుంది! కానీ డజను గుడ్డలు జాడించడానికి నాలుగైదు బిందెలు కావాలి. బోరు నీరు చౌడు. సబ్బు నురగ రాదు, వచ్చినది పూర్తిగా పోదు. గుడ్డలో మిగిలిన సబ్బే బిడ్డ తొడలు ఎర్రబారడానికి ఒక కారణం. 2019లో ప్రారంభించిన జలజీవన్ మిషన్ కింద ఇంటికి కొళాయి వచ్చినచోట కూడా, నీరు ఏ రోజు ఏ గంటకు వదులుతారన్నదే గుడ్డా డైపరా అన్నది తేలుస్తుంది. యానాంలో, గంజాం తీరంలో దీనికి తలకిందులు: నీరు పుష్కలం, శ్రావణ భాద్రపదాల్లో ఎండ కరవు. పూర్వం కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టేవారు. మూసిన గదిలో ఆ పొగ పసివాని ఊపిరితిత్తులకు చెరుపు. వానాకాలానికి గుడ్డలు రెట్టింపు ఉంచుకోవడం, పలుచటి గుడ్డను విప్పి పరచి గాలికి ఆరనివ్వడం మేలు.

గుడ్డ వాడే ఇల్లు గమనించవలసిన మరొకటి ఉన్నది. పాలు తాగే బిడ్డ మలంలో దోషమేముందని ముసలివారు అంటారు. అది పొరపాటు; అతిసార క్రిములు అందులోనూ ఉంటాయి. గుడ్డ మీది మలాన్ని మరుగుదొడ్డిలో దులిపి, ఆ తొలి జాడింపు నీటిని కూడా అందులోనే పోసి, తరువాతనే తొట్టివద్దకు తీసుకుపోవాలి. బోరు చప్టా మీద జాడిస్తే ఆ నీరు అదే బోరులోకి దిగుతుంది. డైపరుకైనా ఇదే నియమం, పాటించేవారు లేరు గానీ. ఉడుకునీళ్ళలో నానవేసి, సబ్బు పూర్తిగా పోయేవరకు జాడించి, నేరుగా ఎండలో వేస్తే చాలు. సువాసనకోసం మెత్తదనం ద్రవాలు కలిపితే గుడ్డ తడి పీల్చదు. ఏది కట్టినా రెండు మూడు గంటలకొకసారి విప్పి చూడవలసినదే. ఖర్చు కలిసివస్తుందని ఒకే డైపరును ఉదయం నుండి సాయంత్రం దాకా ఉంచడం వల్ల వచ్చే ఒరుపు, పుండ్లు ఆ పొదుపును మందుల అంగడిలో తిరిగి ఇప్పిస్తాయి.

ముంబయి, బెంగళూరు సంస్థలు గుండీలతో బిగించే గుడ్డ డైపర్లను అమ్ముతున్నాయి. లోపల నూలు మడతలు, బయట తడి దిగని పొర. పనితనం బాగున్నది, ఒక్కొక్కటి కొన్ని వందల రూపాయలు. పల్లెకు అది ఒక్కసారిగా పెట్టవలసిన పెద్ద మొత్తం. అదే పనిని మూడుమూలల మడతపెట్టిన తువ్వాలు చాలావరకు చేస్తుంది. పగలు గుడ్డ, ప్రయాణానికి, జ్వరం వచ్చిన రాత్రికి డైపర్ అన్న ఇల్లు రోజుకు నాలుగు చొప్పున కాక వారానికి నాలుగుతో సరిపుచ్చుకోగలదు. దిబ్బ మీద చేరేదీ ఆ మేరకే తగ్గుతుంది. పూర్తిగా మానివేయమని శాసించడం కంటే ఇది జరిగే పని. 2019లో డైపర్లను నిషేధిస్తామని ప్రకటించిన పసిఫిక్ దీవి దేశం వనువాటు సైతం ఆ మాటను అనుకున్నంత వేగంగా అమలులో పెట్టలేకపోయింది.

ప్రభుత్వాలు చేయగలిగినది ఒకటి చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. తమిళనాడు 2015లో ప్రారంభించిన శిశుసంరక్షణ సంచిలోనూ, తెలంగాణ 2017లో ప్రారంభించిన కిట్టులోనూ పదహారేసి వస్తువులు పెట్టారు. తెలంగాణ కిట్టులో డైపర్లు కూడా ఉండేవి. నాలుగు రోజుల్లో అయిపోయే డైపర్ల పొట్లం బిడ్డకు చేసే మేలు కంటే కంపెనీకి చేసే ప్రచారమే ఎక్కువ. ఆ స్థానంలో రెండు డజన్ల మెత్తని నూలు గుడ్డలు పెడితే రెండేళ్ళు వస్తాయి. నేసేవారు కరవు కాదు. తరాల క్రితం తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలీలు షోలాపూర్‌లో నేసే తువ్వాళ్ళకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది; ఆ మగ్గాలకు ఏటా గిరాకీ వెదుక్కోవలసి వస్తున్నది. అంచులు కుట్టే పని ఏ సరిహద్దు మండలంలోని మహిళా సంఘానికైనా ఇవ్వవచ్చు. దానితోపాటు ప్రతి గ్రామ పంచాయతీ వారానికి ఒక రోజు డైపర్ల సంచులను విడిగా సేకరించి తాలూకా కేంద్రానికి చేర్చాలి. ఆ బండి ఖర్చులో తయారీ సంస్థల వాటా ఎంతో కొత్త నియమాల అమలులోనే తేల్చాలి. వంకకు రెండు ఒడ్డుల పంచాయతీలు ఒకే బండిని పంచుకోవడానికి రెండు జిల్లాల కలెక్టర్ల సంతకాలు కావాలి.