స్కీమాటిక్ దగ్గరే ఆగిపోతున్న చదువు

స్కీమాటిక్ గీసి సిమ్యులేషన్ నడిపితే ఆంప్లిఫయర్ ముద్దుగా పనిచేస్తుంది. ఊగిసలాటకు ఎంత దూరంలో ఉందో చెప్పే ఫేజ్ మార్జిన్ 60 డిగ్రీలు వస్తుంది. అదే సర్క్యూట్‌కు లేఅవుట్ వేసి, తీగల కెపాసిటెన్స్‌లన్నీ కలిపి మళ్లీ నడిపితే అది 46కు దిగవచ్చు. మెట్టు ఎక్కి నిలవాల్సిన ఔట్‌పుట్ హద్దు దాటి, వెనక్కొచ్చి, ఊగుతుంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో చాలామంది ఈ రెండో సిమ్యులేషన్ చూడకుండానే డిగ్రీ పుచ్చుకుంటున్నారు. ఇది మారాలి.

జబ్బు మూలం ఆలస్యం. 1927లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ కనిపెట్టిన నెగెటివ్ ఫీడ్‌బ్యాక్‌లో ఆంప్లిఫయర్ తన ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చుకుని తప్పు దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటు వేళకు అందకపోతే తప్పు తగ్గకపోగా పెరుగుతుంది. పెళ్లి పందిట్లో మైకు కూత పెట్టేదీ ఫీడ్‌బ్యాక్ అదుపు తప్పినప్పుడే. చిప్‌లో పరిచిన ప్రతి లోహపు తీగా పక్క తీగతోనూ, అడుగునున్న సబ్‌స్ట్రేట్‌తోనూ కలిసి పిలవని కెపాసిటర్ (పారసిటిక్) అయిపోతుంది. ఆలస్యం అక్కడ పుడుతుంది.

లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ఫీడ్‌బ్యాక్‌లో 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు. అవి కలిసే నోడ్ దగ్గర పోగైన పారసిటిక్ 100 ఫెమ్టోఫారడ్లు. పికోఫారడ్‌లో పదోవంతు! అయినా లూప్ 4 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంటే దాదాపు 14 డిగ్రీల మార్జిన్‌ను అదే మింగేస్తుంది.

అప్పుడు చాలామంది చేయి, ఊగకుండా నిలిపే కాంపెన్సేషన్ కెపాసిటర్ మీదికే పోతుంది. ఆ మందుకు చరిత్ర ఉంది. 1968లో ఫెయిర్‌చైల్డ్ తన 741 చిప్‌లోనే 30 పికోఫారడ్ల కెపాసిటర్ అమర్చి, వాడేవాళ్లకు బయట ఇంకొకటి తగిలించే పని తప్పించింది. కానీ మన సర్క్యూట్‌లో ఆ కెపాసిటర్‌ను 2 పికోఫారడ్ల నుంచి 4 చేస్తే బ్యాండ్‌విడ్త్ సగం, ఔట్‌పుట్ మారే గరిష్ఠ వేగం, అంటే స్లూ రేటూ సగం. ముందు జబ్బు ఎక్కడుందో వెతకాలి. పై లెక్కలో రెసిస్టర్లను ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్ పక్కకు జరిపి తీగ కురచ చేస్తే సగం పని అయినట్టే. ఔట్‌పుట్ వైపు రెసిస్టర్‌కు సమాంతరంగా, మిగిలిన పారసిటిక్‌కు సమానమైన బుల్లి కెపాసిటర్ పెడితే ఆ నోడ్ తెచ్చిన ఆలస్యం చెల్లిపోతుంది. నాయిస్ భయంతో ఆ నోడ్ చుట్టూ గ్రౌండ్ షీల్డ్ కట్టేస్తే మాత్రం కెపాసిటెన్స్ ఇంకా పెరుగుతుంది.

2022లో మొదలైన కేంద్రం చిప్స్ టు స్టార్టప్ పథకం 85,000 మంది చిప్ ఇంజినీర్లను తయారు చేస్తానంటోంది. హైదరాబాద్ డిజైన్ ఆఫీసుల మీద ఆశ పెట్టుకున్న తెలుగు పిల్లలకు కొదవేమీ లేదు. సాఫ్ట్‌వేర్ ఖరీదన్న మాటా ఇప్పుడు చెల్లదు. స్కైవాటర్ 130 నానోమీటర్ ప్రాసెస్ వివరాలు 2020 నుంచి అందరికీ ఉచితం. లేఅవుట్‌కు, పారసిటిక్‌ల లెక్కకు మ్యాజిక్, సిమ్యులేషన్‌కు ఎన్‌జీస్పైస్ ఉన్నాయి. అనలాగ్ ప్రాజెక్టుకు మార్కులు వేసే ముందు లేఅవుట్‌కు ముందూ తర్వాతా వచ్చిన గ్రాఫులు రెండూ అడగాలి. ఏ నోడ్ దగ్గర ఎంత కెపాసిటెన్స్ చేరిందో, దాన్ని ఎలా తగ్గించారో విద్యార్థి వైవాలో బల్ల మీద లేఅవుట్ పరిచి చూపించాలి.