బడి ఎంత దూరంలో ఉండవచ్చు?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. నిరుటిదాకా మా వీధి చివరి బళ్లోనే చదివింది. ఈ జూన్‌లో గుంటూరులో పేరున్న ఒక స్కూల్లో చేర్పించాం. పొద్దున్న 5-30కి లేపితేగాని 6-40 బస్సు అందదు. సాయంత్రం 5-50కి ఇల్లు చేరుతుంది. రాత్రి వాళ్ల నాన్నగారు కొట్టు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆయన్ని చూడందే పడుకోదు, పడుకునేసరికి పది. రెండు నెలలుగా రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. టిఫిను సగం వదిలేస్తుంది. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండదు. “బడి ఎగ్గొట్టే వేషాలు, నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది” అంటారు మావారు. “పసిదాన్ని అంత దూరం తోలడమేమిటి” అంటారు మా అత్తగారు. అసలు పిల్లల్ని బడికి ఎంత దూరం పంపవచ్చు? – ఒక తల్లి

జవాబు: ముందుగా, మీ అమ్మాయిది వేషమని అనుకోకండి. బడిరోజుల్లో వచ్చి ఆదివారం మాయమయ్యే నొప్పి కూడా నిజమైన నొప్పే. ఆదివారం పిల్ల ఎన్నింటికి లేస్తోంది, లేచాక ఎంతసేపటికి దొడ్డికి వెడుతోంది, ఎప్పుడయినా గమనించారా?

కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం ప్రకృతి ధర్మం. టిఫిను తిన్న పది, పదిహేను నిమిషాలకు పిల్లలకు విరేచనం వచ్చేది అందుకే. సరిగ్గా ఆ సమయానికి వీధి మలుపులో బస్సు హారన్ మోగుతుంది. పిల్ల బిగబట్టుకుంటుంది. బళ్లో మరుగుదొడ్డికి వెళ్లాలంటే జంకు. ఇలా రోజులు గడిచేకొద్దీ మలం పేగులోనే గట్టిపడి, బొడ్డు చుట్టూ నొప్పి, ఆకలి మందగించడం మొదలవుతాయి. ఈ వయసు పిల్లలకు ప్రయాణంలో వికారం కూడా పెద్దవాళ్లకంటె ఎక్కువ. వికారం చేస్తుందని ముందే తెలిసిన పిల్ల పొద్దున్నే ఇడ్లీ ఎలా తింటుంది చెప్పండి!

ఇంకొకటి చూడండి. పొద్దున్న నింపి పంపిన మంచినీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగి వస్తోందా? మూత్రానికి లేవవలసి వస్తుందని చాలామంది ఆడపిల్లలు రోజంతా నీళ్లు ముట్టరు. మీ పిల్ల ఇంట్లోంచి వెళ్లి తిరిగి వచ్చేసరికి పదకొండు గంటలు. అంతసేపు నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని ఉంటే మలబద్ధకం పెరుగుతుంది, మూత్రనాళాల్లో చీము పట్టే అవకాశమూ ఉంది. మూత్రం పోసేటప్పుడు మంట అన్నా, ఇన్నాళ్లూ లేనిది పక్క తడుపుతున్నా వెంటనే మూత్రపరీక్ష చేయించండి. నొప్పితో రాత్రి నిద్రలోంచి లేచినా, జ్వరం వచ్చినా, మలంలో రక్తం పడినా, వాంతి పచ్చగా వచ్చినా, బరువు తగ్గుతున్నా, నొప్పి బొడ్డు దగ్గర కాక కుడిపక్క కింద ఉన్నా బడి సంగతి పక్కన పెట్టి ఆ రోజే డాక్టరుకు చూపించండి.

ఇక దూరం మాట. ఇన్ని కిలోమీటర్లు దాటకూడదని వైద్యశాస్త్రంలో లెక్కేమీ లేదు. విద్యా హక్కు చట్టం కింద 2010లో కేంద్రం చేసిన నియమాల్లో, అయిదో తరగతిదాకా ఒక కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిదిదాకా మూడు కిలోమీటర్ల నడకదూరంలో బడి ఉండాలన్నారు. అది సర్కారు బడులు ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్క. పిల్ల ఎంత తట్టుకోగలదో చెప్పేది కాదు. తెనాలికీ గుంటూరుకీ మధ్య పాతిక కిలోమీటర్లే కావచ్చు. ఊరూరా ఆగే బస్సులో మొదట ఎక్కి ఆఖరున దిగేది మీ పిల్లే అయితే ఆ పాతికా ఆమెకు రెండింతలు. అంచేత నేను కిలోమీటర్లు అడగను, గడియారం అడుగుతాను.

ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యనిపుణుల సంఘం 2016లో చెప్పింది. మన పిల్లల శరీరాలూ అవే. మీ అమ్మాయి పదింటికి పడుకుని అయిదున్నరకు లేస్తోంది, అంటే ఏడున్నర గంటలు. కనీసం లెక్క వేసుకున్నా రోజుకు గంటన్నర తక్కువ. ఆరు బడిరోజులకు తొమ్మిది గంటలు! వారానికి ఒక రాత్రి పూర్తిగా జాగారం చేయించినట్లు. దీనికి పిల్లలు అలవాటు పడరు, చిరాకు పడతారు, క్లాసులో కునుకుతారు. నిద్ర చాలని పిల్లకు పేరున్న స్కూల్లో చెప్పిన పాఠమయినా తలకెక్కదు.

తరువాత చూడవలసింది వెలుగు. కార్తీక మార్గశిరాల్లో మనవైపు అయిదున్నర దాటితే పొద్దు గూకుతుంది. 5-50కి దిగే పిల్లకు ఎండపొడలో ఆడుకునే సమయం ఎక్కడిది? ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి, అదే దూరంవి మసకగా కనిపించే జబ్బు, తక్కువగా వస్తుందని ఇప్పుడు బాగా రుజువయింది.

నా అభిప్రాయం అడిగితే, అయిదో తరగతిదాకా ఇంటి గుమ్మం నుంచి బడి గుమ్మానికి అరగంట, హైస్కూలు పిల్లలకు ముప్పావుగంట చాలు. గంట దాటితే అందుకు గట్టి కారణం ఉండాలి. మూడో తరగతి ఎక్కాలు నేర్చుకోవడం అంత గట్టి కారణంగా నాకు తోచదు. ప్రయాణం త్వరగా అవుతుందని పదిమందిని కుక్కిన ఆటోలో, డ్రైవరు పక్కన కూర్చోబెట్టి పంపే ఆలోచన మాత్రం చేయకండి.

నడుమ సంవత్సరంలో హడావిడిగా మాన్పించనక్కరలేదు. రాత్రి ఎనిమిదిన్నరకల్లా దీపం ఆర్పండి. వాళ్ల నాన్నగారు కూతుర్ని పొద్దున్న చూసుకుని, బస్సుదాకా ఆయనే దింపవచ్చు. టిఫిను పెట్టి పది నిమిషాలు దొడ్డికి తీరికగా కూర్చోనివ్వండి. జామపండు, అరటిపండు, ఆకుకూర రోజూ ఉండాలి. పెద్దవాళ్లు ఆముదం పట్టించమంటారు, వద్దు. బస్సులో ముందువైపు సీటు అడగండి, ప్రయాణంలో పుస్తకం తెరవనివ్వకండి. క్లాసు టీచరమ్మను కలిసి, అడిగినప్పుడు మూత్రానికి పంపమని చెప్పండి. ఒకరోజు మీవారు స్కూటరుమీద ఆ బస్సు వెంటే గుంటూరుదాకా వెళ్లి చూస్తే, నేను రాసినదానికంటె ఎక్కువ అర్థమవుతుంది.

దసరా సెలవులు మీకు మంచి పరీక్ష. సెలవుల్లో లేపకుండా నిద్రపోనిచ్చి, ఎన్ని గంటలు పడుకుందో, నొప్పి వచ్చిందో లేదో కాగితంమీద రాసుకోండి. పైన చెప్పినవన్నీ చేశాక కూడా బడి తెరిచిన వారంలోపే నొప్పి తిరిగి వస్తే, వచ్చే జూన్‌కు వీధి చివరి బళ్లో మళ్లీ సీటు అడగండి. ఈ విషయంలో మీ అత్తగారి పక్షమే నాది.

ప్రశ్న: మాది హనుమకొండ. మనవడికి పదకొండేళ్లు, ఆరో తరగతి. బడి కిలోమీటరున్నర. స్నేహితులతో నడిచి వెడతానంటాడు. మా కోడలు ఆటో పెట్టాలంటోంది. నడిస్తే అలిసిపోయి చదువు పాడవదా? – ఒక తాతగారు

జవాబు: పాడవదు. వెళ్లడానికి, రావడానికి కలిపి ముప్పావుగంట నడక. ఈ వయసులో రోజుకు గంటసేపు ఒళ్లు కదిలే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది, మీ మనవడికి అది ఖర్చు లేకుండా దొరుకుతోంది. అయితే మీ కోడలి భయం అలసట గురించి కాకపోవచ్చు, రోడ్డు గురించి అయివుంటుంది. అందులో న్యాయం ఉంది. వచ్చే వాహనం వేగం అంచనా కట్టడంలో పిల్లలు పొరబడతారు. మొదటి పది రోజులు మీరు తోడు నడవండి, కాస్త చుట్టయినా పెద్దరోడ్డు తక్కువగా దాటే దారి చూడండి. సంచీ బరువు పిల్లవాడి బరువులో పదోవంతు దాటకూడదు. ఒంటిపూట బళ్లప్పుడు మాత్రం మిట్టమధ్యాహ్నం నడిపించకుండా ఎవరయినా బండిమీద తీసుకురండి.