లవం ఎవరిది, హారం ఎవరిది?

"కరోనా కూడా ఫ్లూ లాంటిదే, ఊరికే భయపెట్టారు." ఈ మాట సంతలో వింటున్నాం, స్టాఫ్ రూములోనూ వింటున్నాం. చదువుకున్నవాళ్లయితే లెక్క కూడా చెబుతారు: ఫ్లూతో వెయ్యికి ఒకరు పోతారు, కరోనాతోనూ అంతకన్నా పెద్ద తేడా లేదట. ఐదో తరగతికి భిన్నాలు చెప్పేవాడిగా ఆ లెక్క మీదే నా అభ్యంతరం.

లవంలో చనిపోయినవాళ్లు. మరి హారంలో ఎవరు? ఫ్లూకి చెప్పే వెయ్యికి ఒకరు, జబ్బు లక్షణాలు కనిపించినవాళ్లలో, అదీ అంచనా. కరోనాకి వచ్చేసరికి ఒక్క తుమ్ము కూడా లేకుండా సోకి పోయినవాళ్లందరినీ హారంలో కలుపుతారు. హారం పెంచితే భిన్నం విలువ తగ్గుతుందని మా పిల్లలకు తెలుసు. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి చెప్పిన 3.4 శాతం దీనికి తిరగేసిన లెక్క. అందులో నమోదైన కేసులే హారం, పరీక్ష జరగని స్వల్ప జబ్బులు లేవు. నా వాదనకు పనికొస్తుందని ఆ అంకెను నేను వాడను.

శాతం ఎంతైనా కానీ, ఏటా వచ్చే ఫ్లూకి చాలామంది ఒంట్లో కొంత రక్షణ ఉంటుంది. కొత్త వైరస్‌కి అది లేదు. అందుకే ఒక్కసారే ఊళ్లకు ఊళ్లు పడ్డాయి. ఫ్లూ తెచ్చే శ్వాస జబ్బులతో ప్రపంచంలో ఏటా 2.9 లక్షల నుంచి 6.5 లక్షల మంది పోతారని ఆ సంస్థ అంచనా. 2020, 2021లలో కరోనా కాలపు అదనపు మరణాలు దాదాపు 1.49 కోట్లని కూడా అదే సంస్థ లెక్కగట్టింది. అసలు ఫ్లూ అన్నా చులకన పనికిరాదు. 1918లో వచ్చిన ఫ్లూ మన దేశంలోనే కోటిమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది.

ఇక లవం సంగతి. 2020లో దేశంలో నమోదైన చావుల్లో డాక్టరు కారణం రాసినవి నాలుగో వంతు కూడా లేవు. మన్యంలో రోడ్డు లేని ఊరి నుంచి రోగిని మోసుకొస్తుంటే దారిలో ఊపిరి ఆగితే డోలీ అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. "జ్వరమొచ్చి పోయాడు" అంటాం. అది మలేరియానో, ఫ్లూనో, కరోనానో ఏ కాగితం మీదా ఉండదు. మా చావులు లేని లవంతో మాకు ధైర్యం చెప్పడానికి మీరెవరు? ఆక్సిజన్ అందితే బతికే మనిషి అందకపోతే పోతాడు. పట్నం ఆసుపత్రిలో తీసిన శాతాన్ని కొండ మీద ఊరికి ఎలా అతికిస్తారు?

మేం అడుగుతున్నది ఇదీ: ఇంట్లో పోయినా దారిలో పోయినా, ప్రతి చావుకీ ఆ ఇంటికి ఎవరైనా వెళ్లాలి. జ్వరం ఎన్నాళ్లు, ఆయాసం వచ్చిందా, ఎవరికి చూపించారు అని అడిగి రాయాలి. అడిగేవాళ్లకు మా భాష వచ్చి ఉండాలి.