సైకిల్ బాటకు దిక్కెవరు?

ఉత్తర భారతంలో వసంతం స్వల్పకాలిక అతిథి. ఫాల్గుణంలో చలి వెనుకంజ వేసింది మొదలు వడగాడ్పులు విజృంభించే వరకు, ఆ కొద్ది వారాలే సైకిల్ యాత్రకు అనువైనవి. ఆ రోజుల్లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా నుంచి ఆగ్రా దాకా సాగే దారి కనులపండువు. పండుతున్న గోధుమ చేలు, విరగబూసిన మోదుగులు, చంబల్, యమునా నదీతీరాల్లో వరదనీరు కోసి వదిలిన మట్టిలోయలు, బటేశ్వర్ వద్ద ఏటి ఒడ్డున బారులు తీరిన శివాలయాలు. చంబల్ ఇసుక తిన్నెల్లో ఘరియల్ మొసళ్లు గుడ్లు పెట్టేదీ ఈ కాలంలోనే.

ఈ అందాలను కలుపుతూ 207 కిలోమీటర్ల సైకిల్ బాటను 2016 నవంబర్‌లో నాటి ముఖ్యమంత్రి అఖిలేష్ యాదవ్ ప్రారంభించారు. ఇటావా సింహాల సఫారీ నుంచి తాజ్‌మహల్ తూర్పు ద్వారం వరకు సాగే ఆ బాట ఆసియాలోనే మొట్టమొదటి సైకిల్ రహదారి అని ఘనంగా చాటారు. నాలుగు నెలలకే ప్రభుత్వం మారింది. సైకిల్ సమాజ్‌వాదీ పార్టీ ఎన్నికల గుర్తు కావడం ఆ బాట చేసుకున్న పాపమేమో! (తెలుగుదేశం గుర్తు కూడా సైకిలే కనుక మన పాఠకులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.) బాట పలుచోట్ల శిథిలమైందని, ఆక్రమణల పాలైందని ఆ తర్వాత పత్రికలు రాశాయి.

అయితే నెపమంతా రాజకీయాలపై నెట్టివేయడం సబబు కాదు. ప్రచారం యావత్తూ పర్యాటకుల చుట్టూనే తిరిగింది. సైకిలే బతుకుతెరువైన వారి ఊసు వినిపించింది తక్కువ. 2011 జనగణన ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. పాలక్యాన్లు మోసేవారు, బడికి వెళ్లే బాలికలు, పొద్దుగుంకాక ఇల్లు చేరే కూలీలు లారీలతో పాటు ఒకే దారి పంచుకుంటున్నారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొనగా, వారిలో సైకిల్‌పై వెళ్తున్నవారే నాలుగు వేలకు పైగా ఉన్నారు. వీరికి ప్రత్యేక బాట విలాసం కాదు, ప్రాణరక్షణ. పర్యాటకుడు వసంతంలో వచ్చి వెళ్తాడు. పాలవాడు ప్రతి వేకువనా వస్తాడు. నిత్యం చక్రాలు తిరిగే దారిలో పిడకలు ఆరబెట్టడానికి ఎవరూ సాహసించరు!

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ బాటకు సౌరఫలకాలే పైకప్పు. శివరాత్రి దాటగానే ఎండలు ముదిరే మన ప్రాంతంలో నీడ ఇచ్చే ఈ యోచన మెచ్చదగినదే. కాని కారు వెనుక సైకిల్ కట్టుకొని వచ్చేవారికి ఉన్న వెసులుబాటు నగరంలోని బస్తీల నుంచి బయలుదేరే కార్మికునికి లేదు. ఆ నీడకు చేరేలోగా అతడు వాహనాల రద్దీలో ప్రాణాలు అరచేత పట్టుకోవలసిందే.

సైకిళ్లపై జీఎస్టీని 2025 సెప్టెంబర్‌లో 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం హర్షణీయం. ధర దిగితే సరిపోదు, తొక్కడానికి దారి కావాలి. ఇటావా-ఆగ్రా బాట మరమ్మతులకు రాష్ట్ర బడ్జెట్‌లో ఏటా విడిగా పద్దు చూపాలి. నిర్వహణను దారి పొడవునా ఉన్న పంచాయతీలకు నిధులతో సహా అప్పగించాలి. ఊళ్లలోని బడులకు, సంతలకు ఆ బాట నుంచి చిన్న దారులు వేయాలి. మాఘం ముగిసేలోగా ఈ పనులు పూర్తయితే, మోదుగులు పూసేనాటికి బాటసారులు వాటంతట వారే వస్తారు.